కరువు నిపుణుడు

బుక్కరాయసముద్రం దాటాక తారురోడ్డుకు ఎడమ పక్కన, ఒకప్పటి వేరుశనగ చేలను చదును చేసి కట్టిన ఆవరణ ముందు 'శ్రీమతి వెంకటలక్ష్మమ్మ ఇంటర్నేషనల్ ఇంజనీరింగ్ కళాశాల' అనే బోర్డు ఉంది. అందులో 'ఇంటర్నేషనల్' అనే మాట మిగతా అక్షరాల మధ్య ఇరుక్కుని, వాటికంటే కొత్తగా మెరుస్తూ ఉంటుంది. తక్కిన పేరు రాయించిన చాలా రోజులకు దాన్ని జొప్పించారు. ఆ మాటకు ఆ ఆవరణలో ఉన్న ఆధారం ఒకే ఒక్క మనిషి: ఇథియోపియా నుంచి వచ్చి ఎం.సి.ఏ. అయిదో సెమిస్టర్ చదువుతున్న తెస్ఫాయే.

రెండువేల రెండు నవంబరులో ఒక సోమవారం పొద్దున ఆ ఆధారం చైర్మన్ గది బయట చెక్కబెంచీ మీద కూర్చుని ఉంది.

గురువారం నుంచి పరీక్షలు. తోటివాళ్లందరికీ శనివారమే హాల్ టికెట్లు ఇచ్చారు. అతనికి ఇవ్వలేదు. సెప్టెంబరులో కామెర్లతో మంచం పట్టినందువల్ల అతని హాజరు ఉండవలసినదానికంటే రెండు శాతం తగ్గింది. ఆసుపత్రి సర్టిఫికెట్టు చూసి మినహాయింపు ఇవ్వవలసినవాడు ప్రిన్సిపాల్. ఆ పెద్దమనిషి డాక్టరేటు చేసినవాడే గానీ, ఆ కళాశాలలో ఆయనకు తన గదిలో ఫ్యాను వేగం పెంచుకునే అధికారం తప్ప మరొకటి మిగల్లేదు. ఆయన సర్టిఫికెట్టును అటూ ఇటూ తిప్పి, నిబంధన నిబంధనేననీ, దయ మాత్రం చైర్మన్ గారి చేతిలో ఉందనీ ఇంగ్లీషులో సెలవిచ్చి, కామెర్లు కాగితానికి కూడా అంటుకుని ఉంటాయేమోనన్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని తిరిగి ఇచ్చాడు. ఒక్క సెమిస్టర్ పోయినా ఇథియోపియా ప్రభుత్వం ఉపకారవేతనం ఆపేసి అతన్ని వెనక్కి పిలిపించుకుంటుంది. ఆ సంగతి తెస్ఫాయేకు తెలుసు, ప్రిన్సిపాల్‌కూ తెలుసు. తెలిసినందువల్ల ప్రిన్సిపాల్ ముఖంలో వచ్చిన మార్పేమీ లేదు.

చైర్మన్ విష్ణువర్ధన్ మధ్యాహ్నానికి వచ్చాడు. ఉరవకొండ వైపు పెద్ద కమతాలున్న కుటుంబం ఆయనది. తండ్రి ఎర్రన్న ఇచ్చిపోయిన మెట్టలో వరసగా బోర్లు వేసి, ఒక్కదాంట్లోనూ నీళ్లు పడక విసిగి, ఆఖరికి తల్లి పేరు మీద కాలేజీ వేశాడు. అది పడింది. ఇప్పుడు శాసనసభ మీదికి దృష్టి మళ్లింది కనుక తెల్లబట్టలు తప్ప కట్టడు. ఎదుటివాడు చెప్పేది వింటున్నట్టు తల ఊపే అలవాటు కూడా కొత్తగా నేర్చుకున్నాడు. ఆ ఊపులోనే అవతలివాడి మాట అయిపోకముందే తన మాట మొదలుపెడతాడు.

లోపలికి పిలిచి కూర్చోమన్నాడు. ఇది మామూలుగా జరిగేది కాదు. పక్కన మేనల్లుడు సందీప్ నిలబడి ఉన్నాడు. ఇదే కళాశాలలో డిగ్రీ పూర్తి చేయలేకపోయిన ఆ కుర్రవాణ్ణి ఇదే కళాశాలకు ప్రజాసంబంధాల అధికారిని చేశారు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో రెండు సెల్‌ఫోన్లు, నోట్లో వక్కపొడి తప్ప ఆ ఉద్యోగానికి కావలసిన అర్హతలు మరేమీ లేనట్టు తిరుగుతుంటాడు.

చైర్మన్ ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. తెస్ఫాయేది కరువు దేశం కదా, కనుక కరువు మీద అతనికి అనుభవం ఉంటుంది కదా అన్నాడు. ఈ మాట తెస్ఫాయేకు కొత్తది కాదు. ప్రతి పంద్రాగస్టుకూ అతన్ని వేదిక ఎక్కించి, ఆకలితో అల్లాడే దేశం నుంచి మన దగ్గరికి విద్యాభిక్షకు వచ్చాడని పరిచయం చేస్తారు. వలస పోయిన అమ్మానాన్నలు బెంగుళూరులో ఇటుకలు మోస్తుండగా ఫీజు కట్టి చదువుతున్న పిల్లలు కూడా అతని మీద జాలితో చప్పట్లు కొడతారు. అతను పుట్టి పెరిగిన ఆడిస్ అబాబాలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన కురిసి కురిసి బూట్లు ఆరవు. గొడుగు లేకుండా వీధిలోకి వచ్చినవాణ్ణి తిక్కవాడిలా చూస్తారు. కరువనేది అతను మొట్టమొదట కళ్లారా చూసింది అనంతపురంలోనే. ఈ సంగతి ఒకసారి చెప్పబోతే చైర్మన్ అది వినయమనుకుని భుజం తట్టాడు.

పని చిన్నదేనన్నాడు చైర్మన్. వచ్చే నెలలో ఢిల్లీ నుంచి కరువు బృందం వస్తుంది. అంతకుముందే తాను సొంతంగా ఒక అంతర్జాతీయ నిపుణుణ్ణి పిలిపించి జిల్లా చేలు చూపించినట్టు పేపర్లో పడాలి. రేపు ఉరవకొండ అవతల ఒక పల్లెకు పోదాం. కోటు వేసుకుని చేను గట్టు మీద నిలబడి, గంభీరంగా చూసి, మీ భాషలో ఏవైనా నాలుగు మాటలు చెప్తే చాలు. తెలుగులోకి తాను మారుస్తాడు. విద్యార్థి అనే మాట మాత్రం ఎక్కడా రాకూడదు. ఇదంతా చెప్పి, బల్ల సొరుగు లాగి, అందులో తెస్ఫాయే ఫోటో అంటించి ఉన్న హాల్ టికెట్టును చూడనిచ్చి, మళ్లీ సొరుగు మూశాడు. బెదిరింపు కాదది. అంగట్లో సరుకు చూపించినట్టు చూపించాడు.

తెస్ఫాయే సరేనన్నాడు. గది దాటి బయటికి వచ్చాక అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

ఆ రాత్రి మెస్సులో అందరూ తిని వెళ్లాక వంటమనిషి ఆంజినప్ప అంటు గిన్నెల మీద బూడిద చల్లుతుంటే, తెస్ఫాయే పక్కన పీట వేసుకుని కూర్చుని సంగతంతా చెప్పాడు. చెప్పింది తెలుగులోనే. రెండున్నరేళ్లుగా అతను ఆంజినప్ప దగ్గర కూరగాయలు తరుగుతూ, పిండి రుబ్బుతూ, తిట్లతో సహా ఆ భాష నేర్చుకున్నాడు. పైఅంతస్తులో ఎవరూ అతనితో ఇంగ్లీషు తప్ప మాట్లాడలేదు గనుక వాళ్లకు ఆ సంగతి తెలియదు. తెలుసుకోవాలని వాళ్లకు తోచనూ లేదు. తెస్ఫాయే అనే పేరు నోట తిరగక ఆంజినప్ప మొదటి వారంలోనే దాన్ని తిప్పేష్ చేసి పారేశాడు.

ఆంజినప్ప నవ్వి నవ్వి దగ్గాడు. "నువ్వు కరువు యాడ చూసినావు తిప్పేసా, నా సాంబారులో తప్ప?"

ఆ తర్వాత గిన్నె బోర్లించి, ఇలాంటివాళ్లు వచ్చినప్పుడు పల్లెల్లో ఏం జరుగుతుందో చెప్పాడు. చూడ్డానికి వచ్చినవాళ్లు గట్టు దిగరు. గట్టు మీది నుంచి చూస్తే శెనక్కాయ చెట్టు పచ్చగానే కనబడుతుంది; ఎండిపోయేది భూమిలోపలి కాయ. అందుకని రైతు చెట్టు పీకి, మట్టి దులిపి, తలకిందులు చేసి చూపించాలి. ఆఫీసరు ఒక కాయ చిదిమి చూసి పక్కవాడికిస్తాడు. తల అడ్డంగా ఊపితే నమ్మలేదని లెక్క. అప్పుడు ఇంకో చెట్టు పీకాలి.

"పోయినేడు మా ఊరికి మూడు టీములొచ్చినాయి. మా చిన్నాయన చేన్లో గట్టు పక్క సాళ్లన్నీ సూపించనీకే సరిపోయినాయి," అన్నాడు ఆంజినప్ప. "నష్టం ఎంతని రాసుకున్నారు గానీ, రాసుకోనీకి పీకిన చెట్లు అందులో చేర్చల్యా."

మంగళవారం పొద్దున సందీప్ ఒక నల్ల కోటు తెచ్చాడు. అది అతని పెళ్లినాటిది. భుజాల దగ్గర బిగుతుగా, చేతుల దగ్గర పొట్టిగా ఉంది. జేబులో ఎండిన మల్లెపువ్వు ఒకటి మిగిలి ఉంది. రెండు జీపులు బయల్దేరాయి. ముందు జీపులో చైర్మన్, తెస్ఫాయే, సందీప్. వెనక జీపులో ఫోటోగ్రాఫరు, ఒక విలేకరి, చప్పట్లు కొట్టవలసినవాళ్లు.

పల్లెలో షామియానా వేసి ఉంచారు. చైర్మన్ మైకు అందుకుని, అంతర్జాతీయ కరువు నిపుణులు వేల మైళ్ల దూరం నుంచి విమానమెక్కి ఈ గడ్డ బాధ చూడటానికి వచ్చారని చెప్పాడు. తెస్ఫాయేను మాట్లాడమన్నాడు. నల్ల కోటులో ఉడికిపోతున్న తెస్ఫాయే మైకు ముందు నిలబడి, ముందు వరసలో చెంగులు నెత్తిన కప్పుకుని కూర్చున్న ఆడవాళ్లను చూసి, అమ్హరిక్ భాషలో నిదానంగా చెప్పాడు. నా పక్కన నిలబడిన ఈ మనిషి సొరుగులో నా హాల్ టికెట్టు ఉంది. ఈ కోటు నాది కాదు. ఇంత సిగ్గులేని మనిషిని నేను మా దేశంలో చూడలేదు.

చైర్మన్ శ్రద్ధగా తల ఊపుతూ విని, "ఇంతటి కరువును తమ దేశంలో కూడా చూడలేదంటున్నారు," అని తెలుగు చేశాడు. చప్పట్లు మోగాయి.

తెస్ఫాయేకు ఆ క్షణాన ఎంత హాయి కలిగిందో చెప్పలేం. ఈ చైర్మన్, ఈ మేనల్లుడు, ఈ చప్పట్లవాళ్లు, ఏది చెప్పినా నోళ్లు తెరుచుకుని వినే ఈ జనం, అందరూ కట్టగట్టుకుని తనకంటే కిందివాళ్లుగా కనిపించారు. ఒక మనిషి ఇంకో మనిషిని ఇంత తేలికగా మోసగించగలిగే చోట మోసపోయేవాళ్ల మీద జాలి దేనికి అనుకున్నాడు. చదువుకున్నవాళ్లకు ఈ ఆలోచన తొందరగా వస్తుంది.

తర్వాత చేను. రోడ్డు పక్కనే అయితే జీపు గట్టు దాకా వస్తుందని, ఫోటోకు వెలుతురు బాగుంటుందని సందీప్ ముందే ఎంచి పెట్టాడు. అది నల్లమ్మ అనే ముసలామె చేను. వానలు ఆలస్యమై, అదును దాటిన తర్వాత విత్తిన పైరు. ఎగువ చెక్క మాడిపోయి ఆకు మడుచుకుంది. రోడ్డు పక్కన ఉన్న దిగువ చెక్కలో మాత్రం కాస్త పదును నిలిచి చెట్లు ఏపుగా ఉన్నాయి. ఈ ఏడాది ఆమె చేతికి ఏమైనా వస్తే ఆ మూలనుంచే రావాలి.

జీపు ఆగేసరికే నల్లమ్మ గట్టు దగ్గర సిద్ధంగా ఉంది. ఎవరూ ఏమీ అడగలేదు. తెస్ఫాయే గట్టు ఎక్కగానే ఆమె వంగి, ఒక చెట్టు మొదట్లో చేయి వేసి, అటూ ఇటూ కదిపి, వేళ్లతో సహా లాగింది. అరచేతి మీద కొట్టి మట్టి రాల్చింది. తలకిందులు చేసి, అప్పుడప్పుడే పాలు పడుతున్న తెల్లటి పిందెలు కనబడేలా అతని ముఖం ముందు పట్టుకుంది. అన్నీ కలిపి రెప్పపాటు పని. ఎన్నో ఏళ్లుగా ఎందరో బూట్లవాళ్ల ముందు చేసి చేసి అలవాటైన పని.

తెస్ఫాయే వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

నల్లమ్మ ముఖం చిన్నబోయింది. చేతిలోని చెట్టు గట్టు మీద పెట్టి, పక్కది పీకింది. దులిపింది, తిప్పి చూపింది. అతను ఇంకా గట్టిగా తల ఊపాడు. ఈ సారి చేయి కూడా అడ్డం పెట్టాడు. ఆమె కంగారు పడింది. "ఈడ చూడు సామీ, ఈడ గింజే ల్యాదు," అంటూ మూడోది పీకింది, నాలుగోది పీకింది. వెనక నుంచి ఎవరో బాగున్నవి పీకుతావేమని ఆమెను కసిరారు. ఆమె కాస్త లోపలికి జరిగి మళ్లీ వంగింది. ఆంజినప్ప చెప్పిన మాట తెస్ఫాయేకు అప్పుడు తట్టింది. తాను తల ఊపిన ప్రతిసారీ ఒక చెట్టు పోతోంది. ఊపకపోతే, ఇంకా చూడాలన్నట్టు. నిలువుగా ఊపితే, పంట ఫర్వాలేదని రాసుకున్నట్టు. ఏం చేసినా ఆమె చేయి ఆగదు. ఆపాలంటే మాట ఒక్కటే ఉంది, ఆ మాట తన దగ్గర ఉన్నట్టు సొరుగు గల మనిషికి తెలియదు.

ఆరో చెట్టు మొదట్లో ఆమె చేయి పడింది. చెట్టు కదిలింది.

"పీకొద్దవ్వా," అన్నాడు తెస్ఫాయే. "నేను ఆఫీసర్ని గాదు. ఏమీ రాసేవాణ్ణి గాదు. కాలేజీలో సదువుకునే పిల్లోన్ని."

ఫోటోగ్రాఫరు అప్పుడే కెమెరా వెనక మూత తీసి కొత్త రీలు ఎక్కిస్తున్నాడు. తల పైకెత్తి చూశాడు. సందీప్ నోట్లో వక్కపొడి నమలడం మానేశాడు. ఎక్కడో ఒక ఆడమనిషి కిసుక్కున నవ్వింది, ఆ నవ్వు అటునుంచి ఇటు పాకింది. తెస్ఫాయే మాత్రం నల్లమ్మ వైపే చూస్తున్నాడు. తాను ఇప్పుడు పోగొట్టుకున్నది ఎంతటిదో ఆమెకు తెలిసే అవకాశం లేకపోయినా, ఆ ముఖంలో ఏదో ఒక మెత్తదనం కనబడుతుందని ఎదురుచూశాడు.

నల్లమ్మ నడుము నిటారు చేసి, చేతిలో ఉన్న ఆరో చెట్టు వైపు చూసుకుంది. అది అప్పటికే భూమి వదిలి వచ్చేసింది. గట్టు మీద వరసగా పడి ఉన్న తక్కిన అయిదింటినీ చూసింది. ఆ తర్వాత అతన్ని కోటు నుంచి బూట్ల దాకా చూసింది.

"నోరుంది గదప్పా నీకు," అంది. "పీకినాంకనా చెప్పేది?"

అంతే అంది. చెట్లన్నీ ఏరుకుని, బర్రెకు వేయడానికి చంకలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా పోయింది.

జీపులు తిరుగుదారి పట్టాయి. తెస్ఫాయే మనసులో అప్పటికే పెట్టె సర్దుకున్నాడు. హాల్ టికెట్టు పోయింది, పరీక్ష పోయింది, ఇంటికి పోవడమే. అయితే ఆ దుఃఖంలో ఒక గర్వం కూడా ఉంది. ఒక ముసలామె చెట్ల కోసం తన చదువును వదులుకున్న మనిషిగా తనను తాను చూసుకుని, కిటికీ అద్దంలో తన ముఖం ఉదాత్తంగా ఉన్నట్టు గమనించాడు. అయితే ఆమె అన్న మాట మధ్యమధ్యలో అడ్డం వచ్చి, ఆ చిత్తరువును పూర్తి కానివ్వలేదు.

కూడేరు దాటాక ముందు సీట్లో చైర్మన్ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. అవి కోపంతో కాదు, నవ్వుతో కదులుతున్నాయి. వెనక్కి తిరిగి, మొదటిసారి అతనితో తెలుగులో మాట్లాడాడు. "ఏమప్పా, ఇంత కళ పెట్టుకుని ఇన్నాళ్లూ మూగోని మాదిరి కూర్చున్నావే."

విలేకరికి ఆ మాటలు బ్రహ్మాండంగా నచ్చాయట. ఇథియోపియా నిపుణుడు మన కళాశాల పుణ్యమా అని మన సీమ యాసలో మాట్లాడి, రైతు కష్టం చూసి చలించి పంటను కాపాడాడు. దీని ముందు ఢిల్లీ బృందం ఎంత? ఒక్కటే లోటు. ఫోటోగ్రాఫరు వెధవ రీలు మార్చుకుంటూ ఉండిపోయాడు. కనుక రేపు గుమ్మఘట్టలో మళ్లీ అదంతా జరగాలి. చైర్మన్ వేళ్లు మడిచి చెప్పాడు. ఆడమనిషి చెట్లు పీకాలి. మూడు నాలుగు పీకేదాకా తెస్ఫాయే తల అడ్డంగా ఊపుతూ ఉండాలి. అప్పుడు ముందుకు వంగి ఆమె చేయి పట్టుకోవాలి, అచ్చం ఈ మాటలే అనాలి. విద్యార్థి అన్నా ఇప్పుడు ఫర్వాలేదు. గుమ్మఘట్ట నుంచి తిరిగి రాగానే హాల్ టికెట్టు చేతికిస్తాడు.

"తొందరపడి ముందే చెప్పేవు," అన్నాడు సందీప్. "చెట్లు చేతిలో ఉండాల్సిందే. లేకుంటే ఫోటోలో ఏముంటాది?"

ఇన్నాళ్లూ తాను ఎవరినైతే తక్కువవాళ్లనుకున్నాడో వాళ్లు తన నోటి నుంచి వచ్చిన ఒకే ఒక్క నిజమైన మాటను తీసుకుని, దులిపి, తలకిందులు చేసి, లోపల తమకు పనికొచ్చే గింజ ఉన్నట్టు కనిపెట్టారు. ఉదాత్తమైన ముఖం కిటికీ అద్దంలో అలాగే ఉంది. దాన్ని చూడటానికి అతనికే అసహ్యం వేసింది. అయినా హాల్ టికెట్టు మళ్లీ అందుబాటులోకి వచ్చిందన్న ఆశ లోపల పొంగకుండా ఉండలేదు. ఆ ఆశను అతను దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు. తల ఊపి సరేనన్నాడు.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీ అడుగున, ఇథియోపియా నిపుణుడు పంటను కాపాడాడని చిన్న వార్త వచ్చింది. మెస్సులో ఆంజినప్ప దాన్ని ఎవరిచేతో చదివించుకుని, అతని పళ్లెంలో ఒక దోసె ఎక్కువ వేశాడు.

గుమ్మఘట్ట దాకా దారి పొడవునా తెస్ఫాయే రేపటి పరీక్ష గురించి ఆలోచించడానికి ప్రయత్నించాడు. నెట్‌వర్క్ పొరల పేర్లు వరసగా చెప్పుకున్నాడు. నాలుగో పొర దగ్గరికి వచ్చేసరికి నాలుగో చెట్టు గుర్తుకొచ్చేది; మళ్లీ మొదటికి వచ్చేవాడు. రాయదుర్గం దాటాక దుకాణాల మీద తెలుగు పక్కన కన్నడ రాతలు కనిపించసాగాయి. కొండల మీద రాళ్లు తప్ప ఏమీ లేదు. ఇక్కడ షామియానా లేదు. తిన్నగా చేనుకే పోవాలని చైర్మన్ ఆజ్ఞ. ఫోటోగ్రాఫరు ఈసారి కొత్త రీలు ముందే ఎక్కించుకుని, మెడలో కెమెరాతో ముందు జీపులోనే కూర్చున్నాడు.

బండిబాట మలుపు తిరగగానే చేను కనిపించింది. చిన్న చెక్క. అందులో ఒక ఆడమనిషి కలుపు తీస్తోంది. జీపు చప్పుడు విని లేచి నిలబడింది. అరచేయి కళ్లకు అడ్డం పెట్టుకుని జీపును, జీపులోని తెల్లబట్టలను, నల్ల కోటును చూసింది. చేతిలోని కలుపు కింద పడేసింది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, గబగబా గట్టు దగ్గర సాలు వైపు నడిచి, నడుము వంచబోయింది.

ఎవరూ ఆమెకు ఏమీ చెప్పి ఉండరు. చెప్పవలసిన అవసరం ఈ జిల్లాలో ఎక్కడా లేదు.

తెస్ఫాయే కదులుతున్న జీపులో ముందు సీటు కమ్మీ పట్టుకుని సగం లేచి, కిటికీలోంచి బయటికి వంగాడు. కోటు చంక దగ్గర పర్రున చిరిగింది.

"పీకొద్దక్కా," అని కేక పెట్టాడు. "ఒక్కటి గూడా పీకొద్దు. మేము ఇచ్చేదేమీ ల్యాదు. నేను ఆఫీసర్ని గాదు."

ఆమె వంగినదల్లా ఆగి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని తల పైకెత్తింది. జీపు గట్టు దగ్గరికి వచ్చి ఆగగానే తెస్ఫాయే దిగాడు. సాల్లో చెట్లన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తి, చూసి, దించాడు. ఖాళీ చేతులతో నిలబడిన మనిషిని ఏమని తీయాలో అతనికి తెలియలేదు.

చైర్మన్ దిగి, అలవాటైన నవ్వుతో ఆమెను రెండు చెట్లు పీకి పట్టుకోమన్నాడు, ఫోటో కోసమన్నాడు. ఆమె చేతులు కట్టుకుంది.

"ఏంటికి? ఆయప్ప వద్దంటాండాడు గదా."

"ఆయప్ప మాట నీకేంటికమ్మా, నేను చెప్తాండా."

"నువ్వు ఇచ్చేదేమన్నా ఉండాదా మల్ల?"

చైర్మన్ ఆమెను వదిలేసి వెనక్కి తిరిగాడు. తెస్ఫాయే దగ్గరికి వచ్చి, ఎవరికీ వినబడకుండా, మళ్లీ ఇంగ్లీషులోకి మారి, రేపు నీకు పరీక్ష ఉంది అన్నాడు. తెస్ఫాయే తెలుగులో, "తెలుసు సార్," అన్నాడు. అంతకంటే గొప్ప మాట ఏదైనా చెప్పాలని గొంతు దాకా వచ్చింది. నిన్నటి కిటికీ అద్దం గుర్తొచ్చి మింగేశాడు.

చైర్మన్ జీపెక్కాడు. తెస్ఫాయేను ఎక్కమనలేదు. జీపులు అంత ఇరుకు బాటలో తిరగలేక, వెనక్కీ ముందుకీ కదిలి, చేను అంచును తొక్కుకుంటూ తిరిగాయి. కాస్త దూరం పోయాక మొదటి జీపు ఆగింది. సందీప్ దిగి పరుగెత్తుకుంటూ వచ్చాడు. తెస్ఫాయే మనసు ఒక్క క్షణం ఎగిరింది.

"కోటు," అన్నాడు సందీప్.

తెస్ఫాయే విప్పి ఇచ్చాడు. సందీప్ చంకలోని చిరుగును వెతికి చూసుకుని, బాధగా నాలుక చప్పరించి, "హాల్ టికెట్టు మర్చిపొమ్మన్నాడు మామ," అని చెప్పాడు. చెప్పి, దగ్గరి దారి అని చేనుకు అడ్డంగా పడి పరుగెత్తాడు.

ఆమె గట్టెక్కి అతని పక్కకు వచ్చింది; దుమ్ము అణిగేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. చొక్కాలోకి గాలి సోకి తెస్ఫాయేకు ఒళ్లు చల్లబడింది. ఆమె అతన్ని పేరు అడిగింది. అతను తిప్పేష్ అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది; తన ఇంటాయన పేరూ అదేనని, పేరు పలక్కుండానే చెప్పింది. ఆమె పేరు మల్లీశ్వరి.

"మరి ఏంటికొచ్చినావప్పా, ఇంత దూరం?"

"హాల్ టికెట్టు కోసరం."

"అదేంటిది?"

"పరీచ్చ రాయనిచ్చే చీటీ."

"ఇచ్చినారా?"

"ల్యాదు."

"మాకూ ఏమీ ఇయ్యల్యా, ఎన్నిసార్లొచ్చినా," అంది మల్లీశ్వరి, ఓదార్పుగా కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు.

రాయదుర్గం బస్సు ఎండ తగ్గేదాకా రాదని చెప్పి, ఆమె చేన్లోకి దిగింది. సందీప్ అడ్డంగా పరుగెత్తిన దారిలో బూటు తగిలి ఒక చెట్టు పక్కకు ఒరిగి ఉంది. సగం వేళ్లు పైకి తేలాయి. పిందెలు రెండు మట్టి బయటికి వచ్చి ఎండలో తెల్లగా మెరుస్తున్నాయి. మల్లీశ్వరి గొంతుక్కూర్చుని, చెట్టును నిలబెట్టి, ఆ పిందెల మీదికి మట్టి లాగి, అరచేత్తో చుట్టూ అణిచింది. చెంబులో తాగగా మిగిలిన నీళ్లు మొదట్లో పోసింది.

తెస్ఫాయే గట్టు దిగి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"బతుకుతాదా అక్కా?"

మల్లీశ్వరి చెట్టును ఒకసారి చేత్తో మెల్లగా కదిపి చూసి, వదిలేసింది.

"సూడాల," అంది.